ఎర్ర చీటీ పెట్టె

ఆమెకున్న భయం ఒక్కటే. ఏదో ఒక రోజు పనికి వెళ్ళి తను తిరిగి రాకపోతే, పాపను ఎత్తుకునే దిక్కుండదని. మొగుడు ఫ్యాక్టరీలో, ఎప్పుడూ దుమ్ము రేగే పొడి షెడ్డులో పనిచేస్తాడు. దగ్గి దగ్గి, పిల్లను రెండు నిమిషాలు కూడా మొయ్యలేకపోతున్నాడు. పాపను చెవులు వినపడని పక్కింటి అవ్వ దగ్గర పడుకోబెట్టి వస్తుంది. అందుకే ఎవరితోనూ తగువు పెట్టుకోదు, తలొంచుకుని మోస్తుంది. కూలీలంతా ఆమెను చీమ అంటారు.

ఆ రోజు ఫ్యాక్టరీ ఆఫీసు ఖాళీ చేస్తున్నారు. నాలుగు వందల పన్నెండు అట్టపెట్టెలు, ముప్పై ఏళ్ళ రికార్డు. నీలం చీటీ అంటించినవి కొత్త ఆఫీసుకు వెళ్ళే లారీలోకి. ఎర్ర చీటీవి కాగితం మిల్లుకు, గుజ్జు కావడానికి. లిఫ్టు ఉంది. అది పెద్దవాళ్ళకట! కూలీలు మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా నెత్తిన మోయాల్సిందే.

పొద్దున మేస్త్రీ అందరినీ అడిగింది ఒకటే, “చదువొచ్చా?” వచ్చన్న ఇద్దరినీ గేటు దగ్గరే తిప్పి పంపాడు. ఆమె రాదంది. ఎనిమిదిలో బడి మాన్పించారు గానీ, అక్షరాలు ఆమెను వదల్లేదు.

మధ్యాహ్నం రెండో మలుపులో ఎర్ర చీటీ పెట్టె అడుగు ఊడి, రిజిస్టర్లు మెట్ల మీద దొర్లాయి.

“ఏమే చీమా, తిండి తిన్లేదా?” కింద మెట్టు మీంచి అడిగాడు తాత, కూలీల్లో అందరికన్నా పెద్దవాడు.

“నేను తిన్నాను తాతా. పెట్టెకే నడుం విరిగింది.”

ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. తెరుచుకున్న పేజీలో పొడి షెడ్డు మనుషుల పేర్లు. పదకొండోది ఆమె మొగుడిది. ఎదురుగా కంపెనీ డాక్టరు రాత: ‘ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. షెడ్డు మార్చాలి. మనిషికి చెప్పలేదు.’

తేదీ మూడేళ్ళ కిందటిది. పోయిన నెల కూడా అదే డాక్టరు, “చల్లగాలి పడలేదు, వేణ్ణీళ్ళు తాగు” అని పంపేశాడు.

“తాతా, పోయిన నీ కొడుకు పేరూ ఉంది ఇక్కడ. ఇదే మాట రాశారు.”

తాత నెత్తి మీది పెట్టె మెల్లగా దించాడు.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. “చదువు రాదన్నావుగా!”

“అన్నాను. వస్తుంది. ఇంకా చదవమంటావా?”

“నోరు మూసుకుని లారీ ఎక్కించు. లేదంటే దొంగతనం కేసు పెట్టిస్తా. ఇంటికెలా వెళ్తావో చూస్తా.”

ఆ మాట సూటిగా వెళ్ళి ఆమె భయం మీదే పడింది. అయినా రిజిస్టరును గుండెకు హత్తుకుని మెట్ల మధ్య కూర్చుంది.

“ఎక్కించను.”

తాత ఆమెకు ఒక మెట్టు కింద, దారికి అడ్డంగా కూర్చున్నాడు. పైనుంచి వస్తున్న కూలీలు పెట్టెలతో అలాగే నిలబడిపోయారు. ఎవరూ బయటికి పోకుండా కింద షట్టరు దించిన చప్పుడు.

పాపకు పాల వేళ దాటిపోయింది. అవ్వది ఫ్యాక్టరీ వెనక సందులో చివరి గది, పచ్చ తలుపు. పిల్ల ఏడ్చినా అవ్వకు వినపడదు. అమ్మ ఇంకా మెట్ల మీదే ఉంది. మీలో ఎవరైనా అటు వెళ్తుంటే, తలుపు తోసి, పాపను ఒక్కసారి చూసి రండి.