ఫ్రిజ్ అడుగున అత్తగారి మందు

లిఫ్ట్ మెకానిక్‌కి ఆ ఫ్రిజ్ మీద ఉన్న మురిపెం ఇంతా అంతా కాదు. కొని మూడు వారాలు కూడా కాలేదు. సూట్‌కేసు కన్నా కాస్త పెద్దది, పైకి తెరుచుకునే మూత, ముందువైపు అంకెలు కనిపించే చిన్న తెర, దాని కింద రెండు బటన్లు. కరెంటు ప్లగ్గుతో పనిలేకుండా బ్యాటరీ మీద నడుస్తుంది. దానికి జోడీగా ఒక బ్యాటరీ, పుస్తకంలా మడిచే సోలార్ ప్యానెల్ కూడా తెచ్చాడు. డ్యూటీ దిగి ఇంటికి రాగానే మూడింటినీ హాల్లో పరిచి, జనం టీవీ చూసే వేళ తను ఫ్రిజ్ తెర చూస్తూ కూర్చునేవాడు. అతని భార్య కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఆయనకి కళ్లు పోతే అద్దాలు తన దగ్గరే ఉన్నాయి కదా అని ఊరుకుంది.

సరస్సు పక్కన టెంట్ వేసుకుని మూడు రోజులు ఉండి రావాలని అతని ఆలోచన. నోట్‌బుక్కులో లెక్కలన్నీ కట్టేశాడు. ఫ్రిజ్‌ని నాలుగు డిగ్రీల దగ్గర పెడితే రోజుకి బ్యాటరీలో పావు వంతు తాగుతుంది. ఓ మోస్తరు ఎండ కాసినా ప్యానెల్ అంతకి రెట్టింపు ఇస్తుంది. పాలు, గుడ్లు, టమాటాలు, సోడా సీసాలు మూడు రోజులూ తాజాగా ఉంటాయి. అత్తగారిని కూడా తీసుకెళ్దామన్నాడు.

అత్తగారు ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్లు చలిగది చూసుకుని, నాలుగు నెలల కిందట రిటైరై కూతురి దగ్గరికి వచ్చింది. గదిలో ఎంత చల్లదనం ఉందని ఎవరు ఎప్పుడు అడిగినా మైనస్‌తోనే జవాబు చెప్పేది కాబట్టి ఫ్యాక్టరీలో ఆవిడని మైనస్ మేడమ్ అనేవారు. ఇక్కడికి వచ్చాక ఆవిడకి పని లేదు. వంటింట్లో గిన్నెలు ఒకరోజు ఎత్తు వరసన సర్దేది, మర్నాడు వాటిని తీసి లావు వరసన సర్దేది.

ప్రయాణానికి ఆవిడ ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకుంది. తన మందు ఫ్రిజ్ అడుగున పెట్టాలి. రెండు లీటర్ల డబ్బా, చుట్టూ గోధుమరంగు కాగితం, దాని మీద టేపు, ఆ టేపు మీద పెద్ద అక్షరాలతో "మందు, ముట్టుకోవద్దు" అని రాసి ఉంది. ఇంత మందు దేనికని కూతురు అడిగితే మోకాళ్లకంది. పెద్దావిడ మందుల సంగతి గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదని అల్లుడు డబ్బాని భద్రంగా అడుగున పెట్టి, పైన మిగతావి సర్దాడు. దారిలో ఆవిడ ముందు సీటు వద్దని వెనక ఫ్రిజ్ పక్కనే కూర్చుంది. తన ఫ్రిజ్ అత్తగారికి కూడా నచ్చిందని అతను మూడు గంటలూ ఈల వేస్తూ కారు నడిపాడు.

సరస్సు ఒడ్డున చెట్ల కింద టెంట్ వేసుకున్నారు. పక్క టెంట్లో పళ్ల డాక్టరు, ఆయన భార్య ఉన్నారు. ఇంకాస్త అవతల ఎనిమిది మంది సైకిళ్ల బృందం దిగింది. అత్తగారు ఫ్రిజ్‌కి ఎండ తగలకూడదని తెర మీదుగా తువాలు కప్పింది. అల్లుడికి ఆ శ్రద్ధ కూడా ముచ్చటేసింది.

మర్నాడు పొద్దున టీకి పాలు తీద్దామని తువాలు ఎత్తాడు. తెర మీద మైనస్ పద్దెనిమిది ఉంది. బ్యాటరీ ముప్పై ఒకటి శాతానికి పడిపోయింది. మూత తీస్తే పాల ప్యాకెట్ ఇటుకలా ఉంది. గుడ్లు నిలువునా చిట్లాయి. సోడా సీసా ఒకటి పగిలి మంచు పువ్వులా విచ్చుకుంది. టమాటాలు ఒకదానికొకటి తగిలి గోళీల్లా మోగాయి.

వెంటనే నాలుగు డిగ్రీలకి మార్చాడు. కంప్రెసర్ నోరు మూసుకుంది. బిందె పట్టుకుని కుళాయి దాకా వెళ్లొచ్చేసరికి మళ్లీ గుర్రుమంటోంది, మళ్లీ మైనస్ పద్దెనిమిదే కావాలంటోంది. మళ్లీ మార్చాడు. ఈసారి పళ్లు తోముకుని వచ్చేలోగా అదే తంతు. మూడోసారికి స్క్రూడ్రైవర్ తీసి, మూల మూలకీ టార్చి వేసి చూశాడు. తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాళ్లు బారజాపి ఫ్రిజ్ ముందే కూర్చుండిపోయాడు.

"నా సర్వీసులో ఎవరూ నొక్కకుండా కదిలిన లిఫ్టు లేదు అత్తయ్యా," అన్నాడు. "ఎవరో ఒకరు నొక్కే ఉంటారు."

అత్తగారు సరస్సు వైపు చూస్తూ, నీళ్లు ఎంత నిర్మలంగా ఉన్నాయో అంది.

అప్పుడు అతనికి మందు గుర్తొచ్చింది. కొన్ని మందులు గడ్డకడితే పనికిరావని ఎక్కడో విన్నాడు. అత్తగారు ఏం ఫర్వాలేదని ఎంత మొత్తుకున్నా వినకుండా, డబ్బా పట్టుకుని పళ్ల డాక్టరు టెంటుకి పరిగెత్తాడు. డాక్టరు టేపు కోసి, కాగితం విప్పి, మూత తీశాడు. లేత నారింజరంగులో నున్నగా గడ్డకట్టినదేదో కనిపించింది. వేలితో కొద్దిగా గీసి నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.

"ఇది మోకాళ్లకి పనిచేస్తుందో లేదో నాకు తెలీదండీ," అన్నాడు చివరికి. "నా పళ్లు మాత్రం జివ్వుమన్నాయి."

వెనకే వచ్చిన అత్తగారు డబ్బా లాక్కుని టకటకా వెళ్లి ఫ్రిజ్‌లో పెట్టి, మూత నొక్కిపట్టి, అందరి ముందూ ఒప్పేసుకుంది. అది అల్లం, నారింజ తొక్క వేసిన ఐస్‌క్రీమ్. ఫ్యాక్టరీలో ఏటా ఒకసారి మేనేజరు ముందు ఆ మాట ఎత్తేది. అల్లం టీలో వేసుకుంటారు గానీ ఐస్‌క్రీమ్‌లో ఎవరు వేస్తారని ఆయన రుచి కూడా చూడకుండా పంపించేసేవాడు. రిటైరయ్యాక ఇంట్లోనే రహస్యంగా చేసింది. అయితే ఇంట్లోవాళ్లకి పెట్టి లాభం లేదు, ఏది పెట్టినా బాగుందంటారు. తనకి ముక్కూ మొహం తెలియని మనుషులు కావాలి. ఎండలో, ఆకలితో, మొహమాటం లేని మనుషులు. అల్లుడు నాలుగు డిగ్రీలకి లెక్క కట్టుకున్నాడు కాబట్టి అడిగితే కాదంటాడేమోనని భయపడి, దారిలోనే బటన్ నొక్కేసింది. పొద్దుటి రెండుసార్లూ ఆవిడ పనే.

కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కిందికి కూలబడి నవ్వుతోంది. అల్లుడు మాత్రం నవ్వలేదు. ఒక్క క్షణం బ్యాటరీని, ఒక్క క్షణం ఆకాశాన్ని చూశాడు.

"ఎన్ని డిగ్రీల దాకా ఆగుతుంది అత్తయ్యా?"

"మైనస్ పన్నెండు. అది దాటితే గరిటెకి నిలవదు బాబూ."

అయితే ఇప్పుడే పెట్టేద్దామన్నాడు. అత్తగారు ససేమిరా అంది. పళ్లు తోముకున్న నోటికి ఏ రుచీ తెలియదట. పైగా సైకిళ్లవాళ్లు అప్పటికే సరస్సు చుట్టి రావడానికి బయల్దేరారు, నాలుగింటికి గానీ రారు. అంతదాకా చల్లదనం నిలబెట్టాలి. బ్యాటరీ చూస్తే ఇరవై ఏడు. ఆకాశం చూస్తే దూది ఏకినట్టు మబ్బులు.

అప్పటి నుంచి మైనస్ మేడమ్ మళ్లీ డ్యూటీ ఎక్కింది. కొంగు బిగించి, ఇటుకలైన పాలూ గోళీలైన టమాటాలూ లోపలే ఉండాలంది, అవి డబ్బాకి కాపలా. దుప్పట్లూ స్లీపింగ్ బ్యాగులూ ఫ్రిజ్ చుట్టూ కట్టించింది, వేడిగాలి బయటికి పోయే జాలీ ఒక్కటీ వదిలేయమంది. నాలుగయ్యేదాకా మూత మీద చెయ్యేసినవాళ్లకి ఐస్‌క్రీమ్ లేదని ప్రకటించింది. పళ్ల డాక్టరు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

ప్యానెల్ సంగతి అల్లుడు చూసుకున్నాడు. చెట్ల నీడలో అది దేనికీ కొరగాదు, ఒక్క కొమ్మ నీడ అడ్డం పడినా సగం ఇవ్వడం మానేస్తుంది. మబ్బుల మధ్య ఎండ ఎక్కడ పడితే అక్కడికి దాన్ని మోసుకెళ్లాలి. ప్యానెల్ తీగ చూస్తే నాలుగడుగులే. అంటే ప్యానెల్ ఎక్కడికి వెళ్తే ఫ్రిజ్ కూడా అక్కడికి వెళ్లాలి. చివరికి అల్లుడు ప్యానెల్‌ని నెత్తి మీద ఎత్తి పట్టుకున్నాడు. డాక్టరూ ఆయన భార్యా దుప్పట్లు చుట్టిన ఫ్రిజ్‌ని చెరోవైపు పట్టుకున్నారు. అతని భార్య బ్యాటరీని పసిబిడ్డలా చంకనేసుకుని, ప్యానెల్ ఎన్ని ఆంపియర్లు ఇస్తోందో మీటరు చూసి చదివింది. అందరికీ ముందు అత్తగారు వేలు పైకెత్తి ఎండని చూపిస్తూ నడిచింది.

"నాలుగు... నాలుగున్నర... ఆ, అక్కడే ఆగండి... అర! అర అయింది, మబ్బొచ్చింది, ఎడమకి!"

పల్లకీలా ఆ ఊరేగింపు పొద్దంతా ఒడ్డున అటూ ఇటూ తిరిగింది. ఒకసారి ఎండ నీళ్లలోకి జరిగితే మోకాళ్ల లోతు దాకా దిగారు. చలిగదిలో ముప్పై ఒక్కేళ్లు గడిపిన మనిషి సరస్సు నీళ్లు తగలగానే చలి చలి అని గెంతితే, డాక్టరు భార్య నవ్వాపుకోలేక ఫ్రిజ్‌ని వదిలేయబోయింది. కాసేపు ఒడ్డున, కాసేపు గట్టు మీద. బ్యాటరీ ముప్పై రెండుకి ఎక్కింది, ఇరవైకి దిగింది, మధ్యాహ్నం రెండు దాటాక మబ్బు మందంగా కమ్మేసి పదికి, తర్వాత ఆరుకి జారింది. మూడున్నరకి ఫ్రిజ్ కీచుమని ఒక్క కూత కూసి ఆగిపోయింది.

అల్లుడి మొహం వాడిపోయింది. అత్తగారు మూత మీద అరచెయ్యి ఆనించి చతికిలబడింది. చలిగదిలో కరెంటు పోయినా ఇలాగే కూర్చునేదాన్నంది. తలుపు తీయకపోతే చల్లదనం ఎక్కడికీ పోదట. కంగారుపడితే మాత్రం మన ఒంటి వేడి పెరుగుతుంది, అదే ప్రమాదమట. నిజమో కాదో గానీ నలుగురూ ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకున్నారు.

నాలుగూ పదికి సైకిళ్లు గంటలు మోగించుకుంటూ వచ్చాయి. అత్తగారు చేతిసంచిలోంచి థర్మామీటర్ తీసి డబ్బాలో గుచ్చింది. మైనస్ పదమూడు. టీ గ్లాసుల్లో, పెరుగు గిన్నెల్లో, ఆఖరికి సబ్బు పెట్టెలు కడిగి వాటిలో కూడా వడ్డించారు. ఎనిమిది మందీ చెమటలు కారుతూ నిలబడే తిన్నారు. అత్తగారు గరిటె పట్టుకుని ఒక్కొక్కరి మొహమే చూసింది.

ఎర్ర టోపీ పెట్టుకున్న సైకిలమ్మాయి గ్లాసు అడుగు నాకి, తల ఎత్తింది.

"ఇందులో అల్లం ఇంకొంచెం పడాల్సిందండీ."

కూతురు, అల్లుడు బిక్కచచ్చిపోయారు. అత్తగారి మొహం మాత్రం చింకి చేటంత అయింది. ముప్పై ఒక్కేళ్లలో ఆ ఐస్‌క్రీమ్ రుచి గురించి తిన్నాక మాట్లాడిన మొదటి మనిషి ఆ అమ్మాయి. ఎంత పడాలి, తురిమి వేయాలా, రసం తీసి వేయాలా అని చెయ్యి పట్టుకుని అడిగింది. పక్కనున్నతను అల్లం చాలు, తొక్క తగ్గించాలన్నాడు. మరొకతను కాదు, తొక్కే ప్రాణమన్నాడు. పళ్ల డాక్టరు మధ్యలో దూరి, ఇంకో గ్లాసు తింటే గానీ తీర్పు చెప్పలేనన్నాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే అత్తగారు రాసుకోవడానికి కాగితం దొరక్క, కూతురి పెన్నుతో ఎడమ చేతి మీద మోచేతి దాకా రాసుకుంది. నవ్వుతూ రాసింది, రాస్తూ నవ్వింది. నాలుగు నెలలుగా కూతురు వినని నవ్వు అది.

మూడో రోజు తినడానికి మంచివేవీ మిగల్లేదు. కరిగిన టమాటాలతో, చిట్లిన గుడ్లతో ఏదో వండుకుని, ఒట్టి ఫ్రిజ్‌కి నిండా ఎండ పట్టించి ఇల్లు చేరారు. మర్నాడే అల్లుడు నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పాడు. పైన మైనస్ పద్దెనిమిది అని రాసి, కింద రెండు ప్యానెళ్లు, పెద్ద బ్యాటరీ, పొడవాటి తీగ అని వరసగా రాశాడు. ఇప్పుడు నెలకి రెండుసార్లు ఆ ఒడ్డుకి వెళ్తున్నారు. అల్లం ఎంత ఉండాలన్నది ఇంకా తేలలేదు. అక్కడికి వచ్చేవాళ్లు రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటుంటే, అత్తగారు రెండు జట్లకీ చెరో డబ్బా చేసి తీసుకెళ్తోంది.