మిగిలిన ఒకటి

సోమవారం పొద్దున వరూధిని మూడో తరగతి గదిలోకి అడుగుపెట్టేసరికి పిల్లలంతా బెంచీల్లో సర్దుకుని కూర్చున్నారు. సుమ ఒక్కతే సంచీ గుండెలకు హత్తుకుని గోడవార నిలబడి ఉంది.

"ఏంటికి నిలబడినావు తల్లీ?" అని అడిగింది వరూధిని.

"నాకు బెంచీలో తావు లేదంట టీచర్. నేను రిమైండరంట."

గది గొల్లున నవ్వింది. ముందు బెంచీ పిల్లాడు గోడకేసి వేలు చూపించాడు. అక్కడ కొత్త పోస్టరు తళతళలాడుతోంది.

భాగహారం అంటే ఈ పిల్లలకు హడలు. అది పోగొట్టాలని వరూధిని మూడు సాయంత్రాలు కూర్చుని ఒక పోస్టరు గీసింది. చేగోడీల్లాంటి కోడుబళ్ళు ఇరవై అయిదు, నాలుగు తట్టలు. ఒక్కో తట్టలో ఆరేసి సర్దగా ఒకటి మిగిలిపోతుంది, అదే రిమైండర్. ఆ మిగిలిన కోడుబళె చుట్టూ ఆశగా చూస్తున్న నాలుగు మొహాలు గీసింది. ప్రిన్సిపాల్ శశికళ దాన్ని మెచ్చుకుని, అచ్చు వేయిద్దామని తీసుకుపోయింది.

అచ్చయి వచ్చినదాంట్లో కోడుబళ్ళు లేవు. వాటి స్థానంలో మూడో తరగతి పిల్లల ఫొటోలున్నాయి. బెంచీకి నలుగురు చొప్పున ఆరు బెంచీల్లో ఇరవై నలుగురు, అందరూ నీలం బ్లేజర్లలో. కింద మూలన, ఎర్రటి గడి లోపల, ఒంటరిగా సుమ. ఫొటో తీసినవాడు నవ్వమని చెప్పి ఉంటాడు, చక్కగా నవ్వుతోంది. ఆ నవ్వు కింద పెద్ద అక్షరాల్లో 'రిమైండర్' అని రాసి ఉంది.

వరూధిని చెవులు వేడెక్కాయి. సుమను చెయ్యి పట్టి తీసుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టింది. కుర్చీ ఎక్కి పోస్టరును నాలుగు మూలలా ఊడబెరికింది. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడే పక్క గదిలోంచి వచ్చిన ఆయా అక్కయమ్మకు పిల్లల్ని ఒప్పగించి, చుట్టిన కాగితంతో నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"ఇదెవరు మార్చినారు మేడమ్?"

"నేనే. మన పిల్లలే కనిపిస్తే పేరెంట్స్ హ్యాపీగా ఫీలవుతారు కదా. కాన్సెప్ట్ నీదే వరూధినీ, నీ పేరు కూడా కింద వేయించాను."

వరూధిని అది చూసుకోలేదు, కాగితం విప్పింది. నిజమే, అడుగున సన్నటి అక్షరాల్లో తన పేరుంది. 

"పిల్లను మిగులు కింద వేస్తారా మేడమ్? అందులోనూ సుమనే ఏల వేసినారు?"

"ఎవరో ఒకరిని వెయ్యాలి కదా. ఆ అమ్మాయికి బ్లేజర్ లేదు. గ్రూపులో పెడితే ఆడ్‌గా కనిపించింది."

సుమది ఉచిత సీటు. బ్లేజరు కొనమని ఆ ఇంటికి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వాళ్ళు కొనలేరు. 

"మిగతా గదుల్లో వెయ్యొద్దు మేడమ్. ఆపించండి."

"మన పదకొండు బ్రాంచులకీ ఇవాళే ప్రింట్ అవుతోంది. పిల్లలు రెండ్రోజుల్లో మర్చిపోతారు. నువ్వే పెద్దది చేస్తున్నావు."

 మధ్యాహ్నం వరూధిని సెలవు చీటీ బల్ల మీద పెట్టి, బడి ఉన్న కాటన్‌పేట నుంచి ఆటో ఎక్కి నగర్తపేటలో దిగింది. సుమ తల్లి అంజినమ్మ అక్కడ ఒక మేడ మీది వర్కుషాపులో సంచులు కుడుతుంది. వరూధిని ఆ మిషను పక్కనే పోస్టరు విప్పి చూపించింది.

అంజినమ్మ కూతురి ఫొటో చూసి ముందు మురిసింది. "ఏమి రాసుండాది టీచరమ్మా?"

వరూధిని అంతా చదివి చెప్పింది, కింద తన పేరుతో సహా. తావు లేదని పిల్ల నిలబడిన సంగతీ చెప్పింది.

అంజినమ్మ మొహంలో రక్తం ఇంకిపోయింది. "కింద మీ పేరుండాదంటిరే. గీసింది మీరేనా?"

"నేను గీసింది తినుబండారాలమ్మా. వాళ్ళు మార్చినారు. ఇట్లాంటివే ఇంకా ఇవాళ ప్రెస్సులో అచ్చవుతుండాయి."

"మార్చేది మీకు తెలియకుండానే అయిందా? నా బిడ్డను మీ చేతికిచ్చినా కదా."

 వరూధిని తల దించుకుంది. అంజినమ్మ మిషను మీద గుడ్డ కప్పి లేచింది.

"ఆ ప్రెస్సు యాడుండాదో చూపించు."

పోస్టరు అంచున అచ్చయిన అడ్రసు ప్రకారం ప్రెస్సు రెండు సందుల అవతలే ఉంది. యజమాని అశోక్‌కుమార్ అప్పటికే అచ్చు ముగించి, పోస్టర్లు రెండు కట్టలు కట్టించి గుమ్మంలో పెట్టించాడు. టెంపో కోసం చూస్తున్నాడు.

"నేనేం చేసేదమ్మా, ఆర్డరు వాళ్ళది," అన్నాడు, వాటిని పంపొద్దని వరూధిని అడిగితే.

అంజినమ్మ వాదించలేదు. పోయి ఆ కట్టల మీద కూర్చుంది. "నా బిడ్డ బొమ్మ ఇది. వేసుకోమని నేను యాడా వేలిముద్ర వెయ్యలేదు. నన్ను లేపి ఎత్తుకోపోప్పా, చూస్తాను."

టెంపో వచ్చి నిలబడింది. వెనక ఆటోలు హారన్లు మోగించాయి. సందులో జనం పోగయ్యారు. అశోక్‌కుమార్ ఫోన్ చేశాక అరగంటకు శశికళ కారు దిగింది.

"వరూధినీ, ఏమిటీ తమాషా?"

"తల్లి అనుమతి కాగితం చూపించండి మేడమ్. ఉంటే ఆమె లేస్తుంది, నేనూ పోతాను."

శశికళ అశోక్‌కుమార్ వైపు చూసింది. అతను అంజినమ్మనూ చేరిన జనాన్నీ చూసి తల అడ్డంగా ఊపాడు. "కాగితం లేకుంటే నేను పంపలేను మేడమ్. రేపు కేసయితే ప్రెస్సు పేరు కూడా వస్తుంది."

"అయితే కోసెయ్యండి," అంది వరూధిని. "మా కళ్ళ ముందరే."

శశికళ కారు ఎక్కి తలుపు గట్టిగా వేసుకుంది. వద్దని మాత్రం అనలేదు. అశోక్‌కుమార్ కట్టలు విప్పి కాగితాలు కోసే మిషను కింద పెట్టాడు. కత్తి దిగినప్పుడల్లా అంజినమ్మ కళ్ళు మూసుకుంది. కోసేది కూతురి మొహాన్ని కూడా కదా. వరూధిని ఆమె భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించుకుంది.

మర్నాడు వరూధినికి మెమో వచ్చింది. మూడో తరగతి లెక్కలు తీసేసి ఆమెను ఎల్.కె.జి.కి మార్చారు. పిల్లలు మర్చిపోవడానికి రెండు రోజులు చాలలేదు. గురువారం ఒకడు మళ్ళీ 'రిమైండర్' అని పిలిస్తే సుమ టిఫిను డబ్బా మూతతో వాడి నుదుటి మీద కొట్టింది. క్షమాపణ రాసివ్వమని అంజినమ్మకు కబురు పెట్టారు.

ఆమె పని మధ్యలో వచ్చింది. ఎల్.కె.జి. గది ప్రిన్సిపాల్ గదిని ఆనుకునే ఉంటుంది కాబట్టి మాటలన్నీ వరూధినికి వినిపించాయి.

"నా బిడ్డ కొట్టింది తప్పే మేడమ్. ఆ పిల్లోడి అమ్మకు చేతులెత్తి దండం పెడతాను," అంటోంది అంజినమ్మ. "మీకు మాత్రం రాసియ్యను. ముందు మీరు రాసియ్యండి, నా బిడ్డకు."

గోడ అవతల కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. వరూధిని సుద్దముక్క చేత్తో పట్టుకుని, పిల్లలు బట్టలు లాగుతున్నా కదలకుండా, శశికళ ఏమంటుందోనని చెవి ఒగ్గి నిలబడింది.