ఏడు ఓక్ చెట్లు

నా మనవరాలు మార్తా వచ్చే నెల మొగుడితో కలిసి కొండలు దాటి వెళ్తోంది. వెళ్ళేలోగా మనవాళ్ళు ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చారో బైబిలు వెనక ఖాళీ పేజీల్లో రాసిపెట్టమంది. ఖాళీవి రెండే మిగిలాయి. మిగతావాటిలో పుట్టినవాళ్ళ పేర్లూ, పోయినవాళ్ళ పేర్లూ ఉన్నాయి. రెండో వరస మొదటిదాన్ని ఎప్పుడూ వెంటాడుతూనే ఉంటుంది.

దారి రాయడం తేలికే. మా అత్తగారు గ్రిజెల్‌ వాళ్ళ తాత స్కాట్లండు నుంచి సముద్రం దాటి ఐర్లండులో ఆంట్రిమ్ చేరాడు. బురదనేల ఎండగట్టి పొలం చేశాడు. కౌలు గడువు తీరగానే దొర ఆ పొలాన్ని ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆయన కొడుకు పక్క కొండ మీద రాళ్ళు ఏరి మరో పొలం చేశాడు. దానికీ అదే గతి పట్టింది. మూడోసారి మా ఆయన గేవిన్ మెక్‌కెల్వీ వంతు వచ్చేసరికి, బాగుచేసి ఇవ్వడానికి ఆంట్రిమ్‌లో ఇంక పాడునేల మిగల్లేదు. ఓడ ఎక్కాం.

లార్న్ రేవు నుంచి అమెరికాకి పదకొండు వారాలు. ఎక్కినప్పుడు ఐదుగురం, దిగినప్పుడు నలుగురం. నా కొడుకు నీనియన్‌కి నాలుగేళ్ళు. వాడు పోయినచోటికి ఊరి పేరంటూ లేదు కనక పుస్తకంలో ‘సముద్రం’ అని రాశాను. పాప ఎస్తర్ నా చంకలోనే దిగింది.

పెన్సిల్వేనియాలో మంచి నేలంతా మాకంటే ముందొచ్చినవాళ్ళు తీసుకున్నారు. మాకు దారి చూపించారు. చాలా మర్యాదగానే చూపించారు, దక్షిణం వైపుకి. బళ్ళబాట పట్టుకుని వర్జీనియా లోయలో ఒక వాగు దగ్గర ఆగాం. ఎందుకు అక్కడే ఆగామంటే, గుర్రం అక్కడ చచ్చిపోయింది.

అక్కడి పద్ధతి ఇదీ. ఇల్లు కట్టాలి, మొక్కజొన్న వెయ్యాలి, ఇంట్లో మనుషులుండాలి. కొలతలవాడు నేల కొలిచే గొలుసు పట్టుకుని వచ్చిన రోజున పొయ్యి వెలుగుతూ ఉంటే నేల మనది. ఆయన ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. ఈలోగా ఇల్లు ఖాళీగా కనబడిందా, ముందు ఎవరు దూరితే వాళ్ళది.

దూరడానికి వాగు అవతల ఒకాయన సిద్ధంగా ఉండేవాడు. పేరు హ్యూ డ్రెన్నన్. పరాయివాడు కాదు, ఆంట్రిమ్ వాడే, మేం పాడే కీర్తనలే పాడతాడు. ఆయన వైపు నేలంతా రాయి. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఒడ్డున కూర్చుని మా పొగగొట్టం వైపు చూసేవాడు.

“ఏం పెద్దమ్మా, బాగున్నారా?” అని అరిచేవాడు అవతలి నుంచి.

“నీకు కష్టంగా ఉంటుంది గానీ, బాగానే ఉన్నా,” అనేది మా అత్తగారు.

“అయ్యో, నాకెందుకు కష్టం?”

“మరి ఆ చూపేంట్రా? మా పొగ మీద ఏమైనా వండుకుంటున్నావా?”

ఆయన నవ్వి టోపీ తీసేవాడు. అయినా చూడటం మానేవాడు కాదు. అందుకని మా అత్తగారు పొయ్యి ఆరనిచ్చేది కాదు. రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేది, తెల్లవారగానే బూడిద తీసి కట్టె వేసేది. ఎండాకాలంలో ఆ గదిలో మాకు ఉక్కపోసేది. “ఇదివరకు రెండు పొలాలు పోయాయి. మూడోది పోవాలంటే నన్ను దాటుకుని పోవాలి,” అనేది.

చెట్ల సంగతి చెప్పాలి. ఆంట్రిమ్‌లో మాకు చెట్టంటే కంచెలో పొద. మేం పొయ్యిలో కాల్చింది బురదనేల నుంచి కోసి ఎండబెట్టిన మట్టిగడ్డలు. ముప్పై ఏళ్ళొచ్చినా గేవిన్ తన తలకంటే ఎత్తయిన చెట్టు నరికి ఎరగడు. ఇక్కడేమో ఒక్కో ఓక్ చెట్టు చుట్టూ చేతులు కలపాలంటే ముగ్గురు కావాలి. కనక మావాళ్ళంతా చేసేదే చేశాడు. చెట్టు నడుముకి చుట్టూతా జానెడు బెరడు ఒలిచేశాడు. అలా ఒలిస్తే చెట్టు నించునే చచ్చిపోతుంది. ఆకు రాలి ఎండ పడుతుంది, మొదళ్ళ మధ్య మొక్కజొన్న వేసుకోవచ్చు. ఒక్క వసంతంలో నలభై చెట్లు చంపాడు. ఇల్లు మాత్రం సరిగ్గా వాటి మధ్యలో కట్టాడు. ఆంట్రిమ్‌లో ఇల్లు పొలం మధ్యలోనే ఉంటుంది మరి.

మైలు దూరంలో కాస్పర్ అని ఒక జర్మనాయన ఉండేవాడు. మా ఇంటికంటే మంచి ఇల్లు తన ఆవులకి కట్టినవాడు. ఒకరోజు వచ్చి మా ఇంటి చుట్టూ తిరిగి, వేళ్ళమీద లెక్కపెట్టాడు.

“ఏడు,” అన్నాడు. “ఈ ఏడూ ఇంటికి అందుతాయి. ముందు ఇవి కొట్టెయ్యి మెక్‌కెల్వీ. చచ్చింది ఎన్నాళ్ళు నించుంటుంది?”

“నువ్వు ఎన్నేళ్ళు తీసుకున్నావు కాస్పరూ, నీ పొలంలో మొదళ్ళన్నీ పెకిలించడానికి?”

“ఆరు.”

“అదీ! నాకు ఆరేళ్ళు ఎవడిస్తాడు? చచ్చిన చెట్టు ఎక్కడికి పోతుంది?”

“ఎక్కడికి పోతుందో చెట్టు మనకి చెప్పదు గదా,” అన్నాడు కాస్పర్.

ఆయన వెళ్ళాక కడుపుబ్బ నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వలేదని రాసుకోవచ్చు, అడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కానీ ఇది బైబిలు.

మూడో ఏడు వచ్చేసరికి చెట్లు బెరడు రాల్చేసి ఎముకల్లా తెల్లగా తేలాయి. గాలి లేని రోజు కూడా కొమ్మలు విరిగి పడేవి. ఒకటి కోళ్ళగూటి మీద పడింది. కనీసం ఇంటికి అందే ఆ ఏడు చెట్లయినా కొట్టమని గేవిన్‌తో అన్నాను. “కొలతలు అయిపోనీ,” అన్నాడు. గుమ్మానికి తలుపు పెట్టమంటే కొలతలు కానీ అనేవాడు. ఎస్తర్‌కి మంచం చెయ్యమన్నా కొలతలే. మా ఇంట్లో ప్రార్థన చివర ‘ఆమెన్’ తర్వాత ఎక్కువగా వినపడిన మాట అది.

ఆ సెప్టెంబరులో కొలతలవాడు రెండు రోజుల దూరంలో ఉన్నాడని కబురొచ్చింది. ఇంకెవరైనా పట్టుకుపోయేలోగా తీసుకురావాలని గేవిన్ బయల్దేరాడు. ఆయన వెళ్ళిన మూడోరోజు మధ్యాహ్నం గాలి మొదలైంది. పచ్చని చెట్టు గాలికి ఊగుతుంది. చచ్చింది ఊగదు, కీచుమంటుంది. పొలమంతా ఒకేసారి కీచుమనడం మొదలెట్టింది. ఇంటి వెనక గుర్రం తలంత లావు కొమ్మ దిగబడగానే నేను ఎస్తర్‌ని దుప్పట్లో చుట్టాను.

“అత్తా, లే. కాస్పర్ ఇంటికి పోదాం.”

“పోండి. నేనెందుకు?”

“ఇల్లు మీద పడేట్టుంది, వినపడ్డంలా?”

“నా చెవులు బానే ఉన్నాయే. రేపో ఎల్లుండో గొలుసు వస్తోంది. ఇవాళ పొయ్యి ఆర్పి పోతే డ్రెన్నన్ పొద్దున్నకల్లా నా కుర్చీలో కూర్చుంటాడు.”

“కూర్చోనీ! కుర్చీ ముఖ్యమా, మనిషా?”

“నీకు కుర్చీ ఎప్పుడైనా పోయిందా జెన్నెట్?” అంది. “నాకు రెండు పోయాయి. పిల్లని తీసుకుని నడు. తల మీద శాలువా కప్పు దానికి, చెవిలో గాలి పోతుంది.”

మూడుసార్లు అడిగాను. నాలుగోసారి అడగలేదు. అప్పటికి వాన మొదలైంది, ఎస్తర్ ఏడుస్తోంది, నిజం చెప్పాలంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గరుంటే బాగుండునని నాక్కూడా ఉంది.

ఆ రాత్రంతా కాస్పర్ ఇంట్లో గోడ కూడా కదల్లేదు. పొద్దున్న గాలి ఆగింది. తలుపు తీసి చూస్తే మా వైపు చెట్ల మీదుగా పొగ లేస్తోంది. రోజూకంటే చిక్కగా, నల్లగా.

“లేచింది ముసలమ్మ,” అన్నాను. “మనం లేమని కసికొద్దీ కట్టెలు తోస్తోంది.”

నాకు ప్రాణం కుదుటపడింది. తీరిగ్గా కూర్చున్నాను. కాస్పర్ అట్లు పోసి పెట్టాడు. మూడు తిన్నాను, ఎస్తర్ ఒకటి తింది. ఆయన ఆవు పాలు పితికి ఇచ్చాను. తర్వాత బయల్దేరాం.

ఇల్లు సగం లేదు. ఏడింటిలో ఒకటి పడకల వైపు అడ్డంగా పడి ఉంది. పొయ్యి వైపు రాతిగోడా, పొగగొట్టమూ అలాగే నించున్నాయి. పొయ్యి భగభగ మండుతోంది. దాని ముందు హ్యూ డ్రెన్నన్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతులు చెక్కుకుపోయి నెత్తురు కారుతున్నాయి. మా అత్తగారి నడుము నుంచి కిందంతా మాను కిందే ఉంది. ముఖం మీద ఆయన కోటు కప్పి ఉంది.

“ఇల్లు ఆక్రమించుకోవడానికి వచ్చావా?” అన్నాను. నోట్లోంచి ముందు వచ్చింది ఆ మాటే.

“అందుకే బయల్దేరానమ్మా,” అన్నాడాయన. “నిన్న పొద్దుగూకే వేళ మాను పడిన చప్పుడు వినపడింది. పొగ కనబడలేదు. వాగు పొంగి దాటలేకపోయా. తెల్లారి దాటేసరికి ఆవిడ పిలుస్తోంది.”

“బతికుందా?”

“ఉంది. మాను కదల్లేదు, ఎంత చేసినా. ‘ముందు పొయ్యి చూడరా’ అని తిట్టింది. నువ్వు చూసి వస్తావని తడికట్టె కూడా వేశా, పొగ బాగా లేవాలని. వదిలేసి ఎలా వస్తాను?”

“పోయి ఎంతసేపయింది?”

ఆయన పొయ్యిలోకి మరో కట్టె తోశాడు. అప్పటికే పొయ్యిలో కాలిపోయిన కట్టెల వైపు చూశాను. చాలా ఉన్నాయి.

మధ్యాహ్నానికి గేవిన్ కొలతలవాడితో వచ్చాడు. కొలతలవాడికి ఇంకా నాలుగు ఇళ్ళు చూడాల్సి ఉంది. పొయ్యి చూశాడు, సగం ఇల్లు చూశాడు, కోటు కప్పిన ముఖం చూసి టోపీ తీశాడు.

“ఈ ఇంట్లో ఉంటున్నదెవరు?” అన్నాడు. అడగాలి, ఆయన పని అది.

గేవిన్‌ మాను కింద చేతులు పెట్టి ఎత్తబోతున్నాడు. నేను ఎస్తర్‌ని అటు చూడనివ్వకుండా పట్టుకున్నాను. ‘నేనే’ అని డ్రెన్నన్ అన్నా కాదనేవాడు లేడు.

“వీళ్ళే,” అన్నాడు డ్రెన్నన్. “మూడేళ్ళుగా రోజూ చూస్తున్నా. ఒక్కరోజు పొయ్యి ఆరలేదు.”

ఆ మధ్యాహ్నమంతా గేవిన్ గొలుసు ఒక కొస పట్టుకుని పొలం చుట్టూ నడిచాడు. కొలతలవాడు మర్నాటిదాకా ఆగనన్నాడు. వాళ్ళమ్మ మాను కిందే ఉంది. దాన్ని కోసి ఆవిడని తీసేసరికి మర్నాడు పొద్దెక్కింది.

ఆ నేల మాకు తొమ్మిదేళ్ళు ఉంది. తర్వాత గేవిన్ అమ్మేసి ఈ కరోలినాకి తీసుకొచ్చాడు, ఇక్కడ నేల ఇంకా బాగుంటుందని ఎవరో చెప్పారట. ఆవిడని తీసుకురాలేం కనక అక్కడే ఉంది. మార్తా, దారి ఇంతే.

అత్తగారిని పూడ్చిపెట్టిన మర్నాడు గేవిన్ మిగతా ఆరు చెట్లూ కొట్టడం మొదలెట్టాడు. కాస్పర్ రంపం తెచ్చాడు, డ్రెన్నన్ చేతులకి గుడ్డలు కట్టుకుని వచ్చాడు. మూడేళ్ళు వాయిదా వేసిన పని మూడున్నర రోజుల్లో అయిపోయింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. గేవిన్ మొద్దు మీద కూర్చుని, పదునైన గొడ్డలిని మళ్ళీ పదును పెడుతూ ఉండిపోయాడు.