రెండు తీర్ల కనుబొమలు

దారం కొసను పళ్ల మధ్య బిగించి జబీన్ తల వంచింది. కనుబొమలు తీయించుకోడానికి పార్లర్ కుర్చీలో వెనక్కి వాలిన కాలేజీ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. ఏళ్ల తరబడి ఇదే పని. పై పంటి మీద దారం ఒరిసి సన్నని గాడి పడింది. ఊరికే ఉన్నప్పుడు నాలుక అక్కడికే పోతుంది. తాండూరులో ఆమెను ఎరిగిన ఆడవాళ్లలో చాలామంది ఆమె ముఖాన్ని తలకిందులుగా చూసినవాళ్లే. సాయంత్రం రైల్లో వికారాబాద్ చేరి తాళం తీస్తే, ఆ గదిలో తిన్నగా చూసేవాళ్లు ఎవరూ లేరు. దానికి బాధపడడం ఆమె ఎప్పుడో మానేసింది.

మధ్యాహ్నానికి ముందు రెబెక్క వచ్చింది. ధారూర్ నుంచి రావడానికే అలసిపోయి, నుదుటి మీదికి కొంగు లాక్కుని కూర్చుంది. కేన్సరు మందులకు జుట్టుతో పాటు కనుబొమలూ రాలిపోయాయి. తలకు కొంగుంది. బొమలు లేని ముఖంలో మాత్రం కోపమూ నవ్వూ ఒకేలా ఉన్నాయి.

"నా బిడ్డ నా మొకం దిక్కు చూస్తలేదక్కా. అన్నం పెడితె పల్లెం దిక్కే చూసుకుంట తింటది."

"బొమలు పెట్టుడు రెండు తీర్లుంటది చెల్లె," అంది జబీన్. "మైక్రోబ్లేడింగంటే సన్న బ్లేడుతోని ఒక్కో వెంట్రుక గీసి రంగు నింపుడు. సొంతయే అనుకుంటరు. కాని నీ తోలు పల్సగైంది, నెత్తురొస్తది. పౌడర్ షేడింగంటే మిషను సూదితోని చుక్కలు ఏసుడు. నెత్తురు తక్కువ. కాకపోతె కాటుక అద్దినట్టు కనబడ్తది."

"కాటుక అద్దుకొని మంచంల పండుకుంటే, ఇంకో పెండ్లికి తయారైతున్న అనుకుంటడు మా ఆయన."

ఇద్దరూ నవ్వారు. ముందు రెబెక్కే ఆగింది.

"డాక్టరు చిట్టి తెచ్చేదాక ఏదీ చెయ్య," అంది జబీన్.

ఆ చిట్టి రాదని ఇద్దరికీ తెలుసు. ఇక లాభం లేదని మందులు ఆపేసి ఇంటికి పంపారని రెబెక్క పోయినసారే చెప్పింది. కాని ఆ ముఖం మీద బ్లేడు పెట్టడం కంటే వాయిదా వేయడం జబీన్‌కు తేలిక. కాదనడం కంటే కూడా తేలిక.

తేల్చుకోలేనివాళ్లకు ఆమె ఎప్పుడూ చేసేదే చేసింది. పెన్సిల్ చెక్కి, ఎడమ వైపు ఒక్కో వెంట్రుకా గీసింది. కుడి వైపు పొడిలా అద్దింది.

"ఇంటికి పోయి బిడ్డకు చూపియ్యి. ఏది మంచిగుందంటే గదే."

"రెండు తీర్ల బొమలతోని రైలెక్కాల్నా?"

"కొంగు కప్పుకో. ఎవరు చూస్తరు?"

రెబెక్క అద్దంలో ఒకసారి ఎడమ వైపుకు, ఒకసారి కుడి వైపుకు తిరిగి చూసుకుంది. కొంగు కప్పుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం రైలు తాండూరు దాటాక ఫోన్ మోగింది. 'రెబెక్క ధారూర్' అని కనబడింది. ఎత్తితే చిన్న గొంతు.

"ఆంటీ, నేను సహస్ర. మమ్మీ చనిపోయింది. నేను బడికెల్లి వచ్చి చూసి, నిద్రపోయిందనుకున్న." కాసేపు ఊపిరి వినబడింది. "పెద్దమ్మ తడిబట్టతోని మొకం తుడుస్తనంటుంది. బొమలు ఒకటొక తీరున్నయి. తుడవాల్నా?"

"తుడవొద్దను బిడ్డా. వస్తున్న."

దారిలోనే ఉన్న ధారూర్‌లో దిగింది. పాస్టరు ఇంకా రాలేదు. నేల మీద చాప, చాప మీద రెబెక్క. జబీన్ అలవాటుగా తల వైపు కూర్చుంది. ఎదురుగా యూనిఫాంలోనే ఉన్న పిల్ల గోడకేసి చూస్తోంది.

"ఏది ఉంచాలె?" అని అడిగింది జబీన్.

సహస్ర కళ్లు గోడ మీది నుంచి దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక మాత్రం తల్లి ముఖం మీదే ఉండిపోయాయి.

"గిది," అని ఎడమ వైపు చూపించింది. "గిది మమ్మీదే."

జబీన్ కుడి బొమను దూదితో తుడిచి, దూదిని దిండు పక్కన పెట్టింది. చల్లబడ్డ చర్మం మీద పెన్సిల్ జారలేదు. కింది నుంచి పైకి, ఒక్కో వెంట్రుకా గీసింది. పిల్ల చూస్తూనే ఉంది.

ప్రార్థన పాటలు మొదలయ్యేసరికి జబీన్ స్టేషన్‌కు నడుస్తోంది. దిండు పక్కన దూది అలాగే ఉంది, సగం గోధుమరంగుగా, ఒక బొమంత వంపుతో.