తొంభై ఆరు గుర్రాల సుబ్బరాయుడు

నార్సింగిలో ఔటర్ రింగ్ రోడ్డు దిగి ఎడమకి తిరిగితే మ్యాంగో గ్రోవ్ అని ఒక గేటెడ్ కమ్యూనిటీ వస్తుంది. పేరులో ఉన్న మామిడి చెట్టు లోపల ఒక్కటి కూడా లేదు. నాలుగు బ్లాకులు, ఒక క్లబ్ హౌసు, ఒక ఈత కొలను, మనిషికొక ఫిర్యాదు ఉన్నాయి. అందులో బి-బ్లాకు ఏడో అంతస్తులో సుబ్బరాయుడి కాపురం. సొంతూరు ప్రొద్దుటూరు. ఉద్యోగం హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ప్రాజెక్ట్ మేనేజరుగా. ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఎవరికీ తెలియని సంగతి ఏమిటంటే, ఆయనకి తొంభై ఐదు గుర్రాలున్నాయి.

నవ్వకండి, అది ఆన్‌లైన్ ఆట. తెర మీద పచ్చటి మైదానం ఉంటుంది, అందులో అడవి గుర్రాలు తిరుగుతుంటాయి. తాడు విసిరి పట్టుకోవాలి. పట్టినదానికి ఒక పేరు పెట్టి, దాని స్వభావం ఒక్క వాక్యంలో రాస్తే అది మన లాయంలో చేరుతుంది. నలభై నాలుగేళ్ల మనిషికి ఇదేం పని అంటారా? ఆయన ఎవరికీ చెప్పలేదు కాబట్టి అడిగినవాళ్లూ లేరు. దాచిపెట్టింది గుర్రాలున్నాయని సిగ్గుపడి కాదు, వాటికి పెట్టిన పేర్ల వల్ల.

తొంభై ఐదింటికీ కమ్యూనిటీలో వాళ్ల పేర్లే పెట్టాడు మహానుభావుడు. 'సీతాబాయి: లిఫ్టు తలుపుకి ఎడమ కాలు అడ్డం పెట్టి ఫోన్ మాట్లాడుతుంది.' 'గిరీష్: ఎదుటివాళ్ల పార్కింగులో తనని తాను కట్టేసుకుంటుంది.' 'రాకేశ్: నాలుగడుగులు పరిగెత్తి నలభై ఫోటోలు దిగుతుంది.' 'యశ్వంత్: అమెరికా టైము చూసుకుని సకిలిస్తుంది.' చివరికి ఎలక్ట్రీషియన్ ఎల్లేశాన్ని కూడా వదల్లేదు. 'ఇప్పుడే వస్తున్న అంటుంది, ఎల్లుండి వస్తుంది' అని రాశాడు. లిఫ్టులో ఎదురైతే నమస్తేలు, బాగున్నారాలు. పైకెళ్లి తలుపేసుకుంటే ఈ రాతలు. జీతం పెరిగినప్పుడు కూడా రాని సుఖం ఆయనకి ఇందులో వచ్చేది. గురివింద గింజ సామెత తెలియక కాదు, అది ఎదుటివాళ్లకి చెప్పడానికే పుట్టిందని ఆయన ఉద్దేశం.

మునిస్వామికి మాత్రం ఇంకా గుర్రం పెట్టలేదు. మునిస్వామిది చిత్తూరు, రియల్ ఎస్టేట్ వ్యాపారం, అసోసియేషన్‌కి ప్రెసిడెంటు. అంతటి మనిషికి మామూలు గుర్రం చాలదని సుబ్బరాయుడు రెండేళ్లుగా ఆగాడు. ఏడాదికొక్కసారి, ఒక్క అరగంట మాత్రం, ఆ మైదానంలోకి నీలి గుర్రం వస్తుంది. ఈ ఏడు అది శనివారం సాయంత్రం ఆరు గంటలకని ప్రకటించారు. సరిగ్గా అదే శనివారం సాయంత్రం మ్యాంగో గ్రోవ్ వాళ్లు ఆర్ట్ ఫెస్టివల్ పెట్టుకున్నారు.

పెట్టింది ఎవరో కాదు, ఆయన భార్య లావణ్యే. కమిటీలో ఆరుగురి పేర్లున్నా పని చేసింది ఒక్కతే. ఆమెది ధర్మవరం, మగ్గాల ఇల్లు. ఐదు వారాల నుంచి ఆఫీసు పని అయ్యాక నిచ్చెనెక్కి క్లబ్ హౌసు గోడ మీద బొమ్మ వేస్తోంది. సుబ్బరాయుడు రోజూ ఆ గోడ పక్కనుంచే కారు తీసేవాడు. గోడకి రంగు పడుతోందని గమనించాడు, అంతవరకే.

"ఈ పొద్దు ఒక్క పూట నాకోసం వచ్చి నిలబడు. ఇంకేమీ అడగను నిన్ను," అంది పొద్దున్నే. "వేప్పుల్ల నమిలినట్లు ఆ మొగం మాత్రం పెట్టొద్దు."

"వస్తాలే," అన్నాడు. ఆరు గంటలకి ఎలా తప్పించుకోవాలా అని అప్పటికే లెక్కలు వేస్తున్నాడు.

సాయంత్రం ఐదుకి కిందికి దిగాడు. అబ్బబ్బా, ఏం కళలు! గుండ్రంగా వస్తే మండలా, వంకర పోతే మోడరన్ ఆర్టు, రంగు కారిపోతే భావావేశం. రాకేశ్ ఒక కుండకి సగం రంగు పూసి, మిగతా సగం మీరే ఊహించుకోండి అని అట్ట మీద రాసి పెట్టాడు. గిరీష్ భార్య రమ్య వెదురు పుల్లలు కట్టగట్టి నిలబెట్టి 'నిశ్శబ్దం' అని పేరు పెట్టింది, పక్కనే స్పీకర్లు చెవులు పగలగొడుతున్నాయి. కొండని తవ్వి ఎలకని పట్టడం అంటే ఇదే అనుకున్నాడు సుబ్బరాయుడు. జనం మాత్రం సంబరంగా ఉన్నారు. పిల్లలు మోచేతుల దాకా రంగు పూసుకుని తిరుగుతున్నారు, ముసలివాళ్లు కుర్చీలేసుకుని తమ బొమ్మ గీయించుకుంటున్నారు. వాళ్లంత సంతోషంగా ఉండటమే ఆయనకి ఒళ్లు మంట.

లావణ్య గోడ దగ్గర నుంచి చెయ్యి ఊపింది. "ఇట్ల రా, చూద్దువు!"

"ఆఁ ఆఁ, తర్వాత చూస్తా," అని గడియారం వంక చూసుకున్నాడు. ఆమె చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

అప్పుడే అదృష్టం ఎల్లేశం రూపంలో వచ్చింది. స్టేజీ మీద పన్నెండడుగుల ఎల్ఈడీ తెర కట్టారు. ప్రెసిడెంటు మాట్లాడుతుంటే వెనక బొమ్మల ఫోటోలు వరసగా రావాలి. కమిటీ ల్యాప్‌టాప్ మొరాయించింది.

"సార్, జర మీ ల్యాప్‌టాప్ తెస్తరా? మేడమ్ పరేషాన్ అయితున్నది," అన్నాడు ఎల్లేశం. "కేబుల్ గిట్ల అన్నీ నేను పెట్టిన. మీరు తెర ఎన్క కూసోని నడిపిస్తే చాలు, ఇగ ఫికర్ లేదు."

తెర వెనక కుర్చీ, ఎవరికీ కనబడని చోటు, చేతిలో సొంత ల్యాప్‌టాప్! సుబ్బరాయుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఫోటోలు మొదలుపెట్టి, ముందుకొచ్చి తెర మీద బాగానే వస్తున్నాయని చూసుకుని, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆరైంది. అవతల మునిస్వామి మైకు అందుకున్నాడు. ఇవతల సుబ్బరాయుడు ఆట తెరిచాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పోయిన నెల ఆఫీసులో ఒక కొత్తమ్మాయి మీటింగులో పొరపాటున వేరే కంపెనీ ఉద్యోగాల పేజీ అందరికీ చూపించేసింది. 'ఏ తెర ఎవరికి కనబడుతోందో తెలియనివాళ్లు సాఫ్ట్‌వేరులోకి ఎందుకొస్తారో' అని సుబ్బరాయుడు నెల రోజులు ఆ పిల్లని దెప్పాడు. అలాంటి పెద్దమనిషి, ల్యాప్‌టాప్ తెరనీ ఎల్ఈడీ తెరనీ విడగొట్టడం మర్చిపోయాడు. ఆయన ఇక్కడ ఏం చూస్తున్నాడో అక్కడ నాలుగు వందల మంది అదే చూస్తున్నారు, పన్నెండడుగుల ఎత్తున.

మునిస్వామి "కళ అంటే యేమి?" అని గట్టిగా అడిగేసరికి తెర మీద గుర్రాల మంద పరిగెత్తింది. జనం అదీ కార్యక్రమంలో భాగమే కాబోలనుకుని చప్పట్లు కొట్టారు. మునిస్వామి ఉప్పొంగిపోయాడు. నీలి గుర్రం వచ్చింది. తాడు రెండుసార్లు గురి తప్పింది, మూడోసారి మెడకి పడింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ ఉపన్యాసానికి ఇంత గోలేమిటి, బుద్ధి లేని జనం అని వెనక సుబ్బరాయుడు ముక్కు విరిచాడు. తరవాత తాపీగా ఒక్కొక్క అక్షరం కొట్టాడు. 'మునిస్వామి.' స్వభావం? రెండేళ్లుగా నాలుక చివర ఉన్న మాటే. 'మైకు దొరికితే మేత కూడా మరిచిపోతుంది. రెండు చేతులా పట్టుకుంటుంది, ఎవరన్నా లాక్కుంటారని.'

అవతల నవ్వు బద్దలైంది. కుర్చీలు కదిలిన చప్పుడు, ఈలలు. సుబ్బరాయుడు ఇంకా గుర్తించలేదు, పైగా లాయం తెరిచి తొంభై ఆరింటినీ పైనుంచి కిందికి ఒకసారి మురిపెంగా తిప్పుకున్నాడు. అప్పుడు ఎల్లేశం పరిగెత్తుకొచ్చాడు.

"సార్, గిదేంది సార్! ఎల్లుండి వచ్చే గుర్రం నేనేనా?"

సుబ్బరాయుడి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏది మూయాలో తెలియలేదు. అంతలో మునిస్వామి గొంతు మైకులో వినిపించింది. "సుబ్బరాయుడూ! ముందుకి రాప్పా."

వెళ్లాడు. ఇవాళ్టితో తన పరువు గంగలో కలిసిందని, సోమవారం ఇల్లు అమ్మకానికి పెట్టాల్సిందేనని అనుకుంటూ వెళ్లాడు. మునిస్వామి మైకు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, తొంభై ఆరిట్లో నీలిది ఒగటేనా?"

"ఒకటేనన్నా."

"అది నేనేనా?"

"నువ్వేనన్నా."

"అట్లయితే సరే!" అని మునిస్వామి కడుపు పట్టుకుని నవ్వాడు. జనం ఘొల్లుమన్నారు. సీతాబాయి లేచి, "కాలు పెడ్త గని గంత సేపు పెట్ట సార్," అంది. గిరీష్‌ని అందరూ కలిసి పార్కింగు గురించి ఏడిపించారు. ఎ-బ్లాకు కృష్ణప్రియ అయితే ఏకంగా అలిగింది. "మా ఫ్లాటుకి ఒక్క గుర్రం కూడా లేదేంటండీ? మేమేం పాపం చేశామండీ?"

సుబ్బరాయుడికి ఊపిరైతే ఆడింది గానీ లోపల చిన్నతనంగా ఉంది. రెండేళ్లు ఏరి కూర్చి తిట్టిన తిట్లని వీళ్లు పెళ్లి భోజనంలా ఆరగిస్తున్నారు. తిట్టు తగలకపోతే తిట్టినవాడి గతి ఏం కాను? ఇంత తోలు మందం మనుషుల్ని ఎక్కడా చూడలేదని పళ్లు నూరుకున్నాడు.

ఆ గోలలో లావణ్య గోడ దగ్గర నుంచి వచ్చింది. ల్యాప్‌టాప్ స్టేజీ ముందుకి తెప్పించి, లాయంలో పేర్లు తనే పైనుంచి కిందికి చదివింది. మళ్లీ కింది నుంచి పైకి చదివింది.

"నాది ఏదీ?" అంది.

"నీదెందుకు ఉంటాది? ఇవన్నీ తిట్లు గదా. నిన్ను తిడతానా నేను?" అన్నాడు సుబ్బరాయుడు. ఆడవాళ్లు ఓహో అని చప్పట్లు కొట్టారు. తప్పించుకున్నాననుకున్నాడు.

లావణ్య నవ్వలేదు. "తిట్టొద్దులే. ఇప్పుడు ఒగటి పట్టి నా పేరు పెట్టు. నాలో నువ్వు చూసింది ఏదో ఒక్క మాట రాయి. చాలు."

"రాయండి సార్, రాయండి!" అని జనం.

ఆరున్నర దాటింది. నీలి గుర్రం ఏడాది దాకా లేదు. మైదానం అంచున గడ్డి మేస్తూ ఒక గోధుమ రంగు గుర్రం ఉంది, ఎప్పుడు చూసినా ఉండేదే, తాడు వేయకపోయినా వచ్చే రకం. దాన్నే పట్టాడు. 'లావణ్య' అని కొట్టాడు. స్వభావం దగ్గర వేళ్లు ఆగాయి.

సీతాబాయి పెట్టేది ఎడమ కాలు. గిరీష్ కారు నంబరు కూడా నోటికొచ్చు. లావణ్య? పద్దెనిమిదేళ్ల కాపురం. కోపమొస్తే ఏం చేస్తుంది? మాట్లాడదా, ఎక్కువ మాట్లాడుతుందా? ఒక్కతే ఉన్నప్పుడు ఏం పాడుకుంటుంది? అసలు పాడుతుందా? ఐదు వారాలు నిచ్చెన మీద నిలబడి ఆ గోడ మీద ఏం గీసింది? జనం అడ్డంగా ఉన్నారు, తొంగి చూద్దామన్నా కనబడదు. నాలుగు వందల మంది ఎదురుచూస్తున్నారు. చివరికి ఒక్క మాట కొట్టాడు.

'మంచిది.'

పన్నెండడుగుల తెర మీద ఆ మాట నిలబడింది. ఎవరూ నవ్వలేదు. మునిస్వామి మైకు దించేశాడు. సీతాబాయి తల పక్కకి తిప్పుకుంది. కృష్ణప్రియ అలక కూడా మర్చిపోయి లావణ్య వంక జాలిగా చూసింది. ఆ జాలి చూసి సుబ్బరాయుడు తల దించుకున్నాడు.

"సీతాబాయక్క ఏ కాలు పెడుతుందో తెలుసు నీకు. మునిస్వామన్న మైకు ఎట్ల పట్టుకుంటాడో తెలుసు," అంది లావణ్య. గొంతు పెంచలేదు. "పద్దెనిమిదేండ్లు పక్కనే ఉండాను. తిట్టుకోడానికైనా నన్ను ఒక్కసారి చూసింటే బాగుండేది గదా."

"లావణ్యా, అది కాదు..."

"వద్దులే. మళ్లీ మంచిదనే అంటావు."

చేతికంటిన రంగు చున్నీకి తుడుచుకుని, తన బొమ్మ చూడటానికి గోడ దగ్గర ఆగినవాళ్ల వైపు నడిచింది. వెనకే వెళ్లే ధైర్యం సుబ్బరాయుడికి లేకపోయింది.