కోతి నుదుటి బొట్టు

ఆ బొట్టు హారికే పెట్టిందని నాకు అనుమానం. ఇంకెవరు పెడతారు? లైప్‌జిగ్‌లోని మా చిన్న మ్యూజియంలో చదువుకుంటూ పనిచేసే తెలుగువాళ్ళం మేమిద్దరమే. ఈజిప్టు చిత్రకారుడెవడో మూడువేల ఏళ్ళ కిందట రాతిముక్క మీద నల్లసిరాతో గీసిన కోతి అది. అత్తిపళ్ళు తింటూ ఉంటుంది. మొదటిరోజే దానికి దణ్ణం పెట్టి, "మా కొండగట్టు అంజన్న లెక్కనే ఉన్నడే" అంది ఈ మహాతల్లి. ఇప్పుడు ఆ కోతి నుదుట ఎర్రటి మరక! పోయిన శుక్రవారం పెట్టెలు సర్దింది మేమిద్దరమే.

"చేసినవాళ్ళు ఇక ఇక్కడ పనిచేయరు," అంది మా పైఅధికారి ఫ్రావ్ వింక్లర్. ఆ రాళ్ళమీదే నా థీసిస్.

హారికను పక్కకు లాగాను. "నిజం చెప్పవే. నువ్వేగా?"

"నాకు గంత సోయి లేదా? నేనెందుకు పెడ్తనే?"

"మరి ఆరోజు కుంకుమ పెట్టుకొచ్చిందెవరు?"

"నువ్వు పెట్టుకోలేదా?"

చూశారా, దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు! ఒళ్ళు మండింది. తిన్నగా వెళ్ళి ఆ దణ్ణం సంగతి ఫ్రావ్ వింక్లర్‌కి చెప్పేశాను. ఆవిడ హారికను పిలిచి స్టోర్ రూమ్ తాళంచెవి ఇచ్చేయమంది.

హారిక తాళంచెవి బల్లమీద పెట్టింది. "గింత పని చేస్తివి గదనే," అంది. కళ్ళనిండా నీళ్ళు. నటన అనుకున్నాను.

రాయిని పెట్టెలో పెట్టమంది ఫ్రావ్ వింక్లర్. తెల్ల గ్లవ్స్ తొడుక్కుని వంగబోతే కింద ఉన్న పెట్టెకు కాలు తగిలింది. అమ్మ నేర్పిన అలవాటు, చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాను. వేళ్ళు నుదుటికీ తగిలాయి. ఈరోజూ శుక్రవారమే.

రాయి అందుకోబోయి ఆగిపోయాను. గ్లవ్ వేలికొసన ఎర్రగా కుంకుమ. సరిగ్గా కోతి నుదుట ఉన్నంత. పోయిన వారమూ ఇదే పెట్టెకు కాలు తగిలింది, ఇలాగే అద్దుకున్నాను. అయ్యో, నా మొహం మండా!

ఫ్రావ్ వింక్లర్ అటు తిరిగి ఉంది. హారిక మాత్రం నా వేలినే చూస్తోంది.

"నేనే చేశాను," అన్నాను గట్టిగా, ఆవిడకు వినబడేలా. సిగ్గుతో చచ్చిపోయాను. నా తాళంచెవి బల్లమీద పెట్టి, హారికది తీసి ఆమెకు ఇవ్వబోయాను.

ఆమె చెయ్యి చాపలేదు.