ముందే చెప్పకండి

బంతి గీత దాటి బయటికి పోయింది. పచ్చచొక్కావాడొకడు దాన్ని తెచ్చుకోవడానికి తీరిగ్గా నడుస్తున్నాడు. కత్తెర బాబాయి ఆ నడకను తీసేశాడు. తర్వాత గోల్‌కీపర్ వంగి మేజోడు సర్దుకున్నాడు. అదీ పోయింది.

ఆటల చానెల్లో జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆయన పని ఇదే. పొద్దున జరిగిన ఆటను సాయంత్రానికి అరగంటలోకి కుదించాలి. చేత్తో కత్తెర పట్టింది లేదు, అంతా కంప్యూటర్ మీదే. అయినా ఆఫీసంతా కత్తెర బాబాయనే పిలుస్తుంది. కిటికీ లేని గది, పాత కాఫీ వాసన, ఏసీ చలికి భుజాల మీద తువ్వాలు. ఎడమవైపు తెరను చూసీ చూసీ ఆయన మెడ కాస్త అటే వాలిపోయింది.

ఇవాళ ఫైనల్. పచ్చచొక్కాలు గెలిచారు. ఫైనల్ దాకా రావడం, అక్కడ బోర్లా పడడం వాళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటు. అలాంటివాళ్ళు ఆఖరి నిమిషంలో గోల్ కొట్టేశారు. పక్క గదుల్లో ఒకటే గోల. బాబాయికీ ఎగిరి గంతెయ్యాలనే ఉంది కానీ, ఆ సంతోషం మొహం మీదికి రానిస్తే సాయంత్రం దాకా దిగదు. ఇంట్లో అత్తగారుంది.

అత్తగారికి పచ్చచొక్కాలంటే ప్రాణం. పొద్దుటిపూట మందుల మత్తులో ఉంటుంది కాబట్టి అల్లుడు చేసే అరగంటే ఆమెకు ఆట. ఫలితం ముందే తెలిసిందా, ఆ పూట అన్నం ముట్టదు. అందుకే బాబాయి ఆముదం తాగినవాడిలా మొహం పెట్టుకుని గుమ్మం దాటడం నేర్చుకున్నాడు. ఆమె గుండె అలిసిపోయిందనీ, ఇక ఏ రోజైనా కావచ్చనీ డాక్టరు మొన్న చెప్పేశాడు. ఆమెకూ తెలుసు. ఈ ఫైనల్ మాత్రం ఎవరూ ఏమీ చెప్పకుండా చివరిదాకా తన కళ్ళతో చూడాలంది, అంతే.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"చెప్పకండి," అంది అత్తగారు, ఆయన ఎత్తీ ఎత్తగానే.

"నేనేమన్నాను అత్తయ్యా?"

"అదిగో, ఆ నవ్వు గొంతు వద్దు. ఏడుపు గొంతూ వద్దు. పెందలాడే ఇంటికి రండి."

ఆయన నవ్వాపుకుని ఫోన్ పెట్టేశాడు. ఆయన్ని తినేస్తున్న దిగులు వేరే ఉంది. అరగంటలో దండగ క్షణం ఉండదు కదా. ఎవడైనా ఊరికే నిలబడ్డట్టు కనిపిస్తే చాలు, అత్తగారు "ఇదిగో, గోల్ పడబోతోంది" అనేస్తుంది. పడుతుంది. ఇన్నేళ్ళలో అల్లుడి చెయ్యి ఆమెకు కంఠతా వచ్చేసింది. ఫోన్లో నోరు కట్టుకున్నా, కత్తిరింపే గుట్టు చెప్పేసేలా ఉంది.

బాబాయి పారేసినవన్నీ వెనక్కి తెచ్చాడు. బంతి కోసం నడక, మేజోడు సర్దుకోవడం, రిఫరీ ముక్కు తుడుచుకోవడం, ఎటూ పోని పాసులు. అతికించుకుంటూ పోతుంటే వెనక ప్రొడ్యూసరమ్మ వచ్చి నిలబడింది.

"ఏంటి బాబాయ్ ఇది? కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు. వీడు మేజోడు సర్దుకుంటుంటే జనం ఎందుకు చూడాలి?"

"మా అత్తగారు చూస్తారమ్మా."

ఆ ఇంటి సంగతి ఆమెకు తెలుసు. "రెండు రీప్లేలు తీసేసి చోటు చేసుకోండి. పైవాళ్ళు అడిగితే నా పేరు చెప్పండి," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం హాల్లోకి జరిపిన మంచం మీద అత్తగారిని ఆయన భార్య దిండ్లు ఆనించి కూర్చోబెట్టింది. ఆట మొదలైంది. అవతలివాళ్ళు గోల్ కొడితే ఆమె "పోనీలే" అంది. పచ్చచొక్కాలు సమం చేస్తే మాత్రం దుప్పటి గట్టిగా పట్టుకుంది. ఒక్కటీ ముందు పసిగట్టలేకపోయింది.

"ఇవాళ మీ చెయ్యి అందట్లేదు అల్లుడుగారూ. ముసలిదాన్ని ఆటపట్టిస్తున్నారు."

ఆమె మొహం వెలిగిపోతోంది. ఉద్యోగంలో చేరాక తన పనికి తానింత మురిసిపోయిన రోజు ఆయనకు గుర్తులేదు. ఆట ఇంకా కొద్ది నిమిషాలుందనగా ఆమె చెయ్యెత్తింది.

"కాస్త ఆపండి. కునుకు తీసి చూస్తాను. మిగిలింది ఓపికతో చూడాలి."

ఆయన రిమోట్ నొక్కి ఆపాడు. తెర మీద ఎవడో నీళ్ళు తాగుతూ అలాగే నిలిచిపోయాడు. ఆమె చెవి మిషన్ తీసి దిండు పక్కన పెట్టుకుంది. "మీరిద్దరూ గుసగుసలాడినా నాకు వినపడకూడదు," అని కళ్ళు మూసుకుంది.

వీధి దీపాలు వెలిగాయి. భార్య మాత్ర, నీళ్ళు తెచ్చి తల్లి నుదుటి మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. బాబాయికి అర్థమైంది.

భార్య మంచం పక్కనే నేల మీద కూలబడి చాలాసేపు ఏడ్చింది. ఆయన ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాడు. తనకూ తల్లి పోయినట్టే ఉంది. కొంతసేపటికి ఆమె ముక్కు చీదుకుని అడిగింది.

"గెలిచారా అండీ?"

ఆయన నోరు తెరిచి, మంచం వైపు చూసి, ఆగిపోయాడు.

"ఇక్కడ వద్దు," అన్నాడు మెల్లగా. "వంటింట్లోకి పద, చెప్తాను."

ఇద్దరూ లేచి లోపలికి వెళ్ళారు. దిండు పక్కన, ఎవరూ ఆపని చెవి మిషన్ సన్నగా ఈల వేస్తూనే ఉంది.